రెండు యొక్క అరువదియేడవ ఘాతము
(ఒక పెద్ద సంఖ్య నేర్పు పాఠము)

14,75,73,95,25,89,67,64,12,927

ఇది ఇరువదియొక్క అంకెల సంఖ్య. అరువదియేడు రెండులను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధమునుండి ఒకటి తీసివేసినచో ఈ సంఖ్య లభించును. గణితశాస్త్రజ్ఞులు దీనిని 2⁶⁷ − 1 అని వ్రాయుదురు. ఈ సంఖ్యను ఏ చిన్న సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపలేమని ఐరోపా ఖండమున రెండు శతాబ్దములకు పైగా ఒక నమ్మకము చెల్లుబడియైనది. పిదప ఆ నమ్మకము తప్పని తేలినది. అయినను దీనిని భాగించు సంఖ్యలేవో తెలియుటకు మరియొక ఇరువదియేడు సంవత్సరములు పట్టినది. ఆ రహస్యము 1903వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు నగరమున వెల్లడియైనది. ఆ చరిత్రయు, దానిలోని గణితమును ఈ వ్యాసమునకు విషయములు. కూడిక, గుణకారము, భాగహారము తెలిసిన బాలబాలికలు సైతము దీనిని అనుసరింపగలరు.

1. చదరంగపు గళ్ళు

ఈ సంఖ్య పుట్టిన వంశము తెలుగువారికి క్రొత్తది కాదు. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు అరువదినాలుగు గళ్ళు నింపినచో మొత్తము గింజలెన్ని యను ప్రశ్న ప్రసిద్ధము. దీనికి ఉత్తరము 2⁶⁴ − 1, అనగా 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరువది అంకెల సంఖ్యను ఒకే పద్యమున ఇమిడ్చి చెప్పినవాడు పావులూరి మల్లన యని తెలుగునాట ప్రసిద్ధి. ఆయన పదునొకండవ శతాబ్దివాడుగా చెప్పబడుచున్నాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును ఆయన గణితసార సంగ్రహమను పేర తెనిగించెను.

ఆ పద్యమున అంకెలు అంకెలుగా కానరావు. చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, శరములన్న ఐదు, గగనమన్న సున్న. ఇట్లు వస్తువుల పేర్లతో అంకెలను సూచించుట భూతసంఖ్యా పద్ధతి. మాటలను వరుసగా చదువుచు, అంకెలను మాత్రము కుడినుండి యెడమకు వ్రాసికొనవలెను. అట్లు వ్రాసికొన్నచో ఒక్క అంకెయు తప్పక పై సంఖ్య వచ్చును. కాగితము అరుదైన కాలమున, పద్యము కంఠస్థము చేసిన ప్రతివాడును ఆ సంఖ్యను తన వెంట మోసికొని పోగలిగెను.

ఇక చదరంగపు బల్లకు మరి మూడు గళ్ళు చేర్చినట్లు ఊహింపవలెను. మొత్తము అరువదియేడు గళ్ళగును. మొదటి మూడు గళ్ళలో 1, 2, 4 చొప్పున ఏడు గింజలుండును. తక్కిన అరువదినాలుగు గళ్ళలో ప్రతి గడియు పూర్వపు బల్లలోని గడికి ఎనిమిది రెట్లు. కావున మల్లన సంఖ్యను ఎనిమిదిచే గుణించి ఏడు కలిపినచో, వ్యాసారంభమున వ్రాసిన ఇరువదియొక్క అంకెల సంఖ్య వచ్చును. రెండును ఇంత దగ్గరి చుట్టములు. అయినను స్వభావమున వాటికి గల భేదము మిక్కిలి పెద్దది.

2. గళ్ళను పంచుకొను విధము

తనచేతను, ఒకటిచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 అట్టివి. తక్కినవి సంయుక్త సంఖ్యలు. సంయుక్త సంఖ్యను నిశ్శేషముగా భాగించు సంఖ్యలను కారణాంకములందురు.

ఆరు గళ్ళ బల్లను తీసికొనవలెను. మొత్తము గింజలు 1 + 2 + 4 + 8 + 16 + 32 = 63. ఈ ఆరు గళ్ళను మూడేసి చొప్పున రెండు గుంపులు చేయవచ్చును. మొదటి గుంపులో 7 గింజలు. రెండవ గుంపు దానికి ఎనిమిది రెట్లు, అనగా 56. మొత్తము 7 × 9. కావున 63 సంయుక్త సంఖ్య. గళ్ళను సమానమైన గుంపులుగా పంచగలిగినపుడెల్ల, ఒక గుంపులోని మొత్తము బల్లలోని మొత్తమునకు కారణాంకమగును.

అరువదినాలుగు గళ్ళను రెండేసి, నాలుగేసి, ఎనిమిదేసి, పదునారేసి చొప్పున సులభముగా పంచవచ్చును. అందుచే మల్లన సంఖ్య తన గుట్టును వెంటనే విప్పును. దాని కారణాంకములు ఇవి: 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417. వీనిలో 641 అనునది మాత్రము కొంత దాగియుండెను. దానిని 1732లో ఆయిలర్ మహాశయుడు వెలికి తీసెను.

అరువదియేడు ప్రధాన సంఖ్య. అరువదియేడు గళ్ళను సమానమైన గుంపులుగా పంచుట సాధ్యము కాదు. ఇక్కడ ఆ ద్వారము మూసికొనిపోయినది. అయినచో 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్యయే యని నిర్ణయింపవచ్చునా? తొందరపడరాదు. పదునొకండు కూడ ప్రధాన సంఖ్యయే. కాని 2¹¹ − 1 అనగా 2,047. ఇది 23 × 89. గళ్ళు పంచుటకు వీలులేకున్నను కారణాంకములు ఉండనే యున్నవి.

3. మెర్సెన్ పట్టిక

ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ప్రకటించిన గ్రంథమున ఒక పట్టిక నిచ్చెను. ఘాతము 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినపుడు మాత్రమే, 257 వరకు గల ఘాతములలో, ఈ రీతి సంఖ్య ప్రధానమగునని దాని సారాంశము. అంత పెద్ద సంఖ్యలను ఆ కాలమున ఎవరును పూర్తిగా పరీక్షింపలేదు. పెద్దల మాటగా పట్టిక తరతరములు నడచినది. ఈ రీతి సంఖ్యలకు నేటికిని మెర్సెన్ సంఖ్యలనియే పేరు.

కాలక్రమమున ఆ పట్టికలో ఐదు తప్పులు బయటపడినవి. 61, 89, 107 అను ఘాతములు చేరవలసియుండి చేరలేదు. 67, 257 అనునవి ఉండరానివి. పట్టికలోని మొదటి తప్పును పట్టుకొన్నవాడు ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువార్ లూకాస్. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని ఆయన 1876లో నిర్ణయించెను. కాని దాని కారణాంకములలో ఒక్కదానినైనను ఆయన చూపలేదు.

కారణాంకము చూపకుండ సంయుక్తమని ఎట్లు చెప్పగలిగెను? ఈ సందేహము సహజము. సమాధానము మిక్కిలి మనోహరము.

4. విరువకుండ పరీక్షించుట

లూకాస్ ఆరంభించిన పద్ధతిని కాలిఫోర్నియాకు చెందిన గణితజ్ఞుడు డెరిక్ హెన్రీ లేమర్ 1930 ప్రాంతమున సులభ రూపమునకు తెచ్చెను. దాని విధమిది. 4తో ఆరంభింపవలెను. వచ్చిన సంఖ్యను దానిచేతనే గుణించి, రెండు తీసివేయవలెను. ఫలము పరీక్షించు సంఖ్య కంటె పెద్దదైనచో, ఆ సంఖ్యచే భాగించి శేషమును మాత్రము ఉంచుకొనవలెను. ఘాతము కంటె రెండు తక్కువ మార్లు ఇట్లు చేయవలెను. చివర సున్న వచ్చినచో ప్రధాన సంఖ్య. సున్న రానిచో సంయుక్త సంఖ్య. రెండును మించిన ప్రధాన ఘాతములకు ఇది ఎన్నడును తప్పదు.

31, అనగా 2⁵ − 1, ఉదాహరణముగా చూడవలెను. ఘాతము ఐదు గనుక మూడు మార్లు చేయవలెను. 4 × 4 − 2 = 14. 14 × 14 − 2 = 194. దీనిని 31చే భాగింప శేషము 8. 8 × 8 − 2 = 62. దీనిని 31చే భాగింప శేషము సున్న. కావున 31 ప్రధాన సంఖ్య.

ఇదే విధముగ 2,047ను తొమ్మిది మార్లు పరీక్షించినచో వరుసగా 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వచ్చును. చివరిది సున్న కాదు. కావున 2,047 సంయుక్తము. ఇక్కడ ఒక విషయము శ్రద్ధగా గమనింపవలెను. ఈ లెక్కలో 23 గాని, 89 గాని ఎక్కడను కనబడలేదు. సంఖ్య విరుగునని పరీక్ష చెప్పినది. ఎక్కడ విరుగునో చెప్పలేదు. 2⁶⁷ − 1 విషయమున 1876లో తెలిసినది ఇంత మాత్రమే.

5. కోల్ మహాశయుని అన్వేషణ

ఫ్రాంక్ నెల్సన్ కోల్ 1861లో మాసచూసెట్సు రాష్ట్రమున జన్మించెను. హార్వర్డులో చదివి, 1895నుండి కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండెను. అమెరికన్ మేథమెటికల్ సొసైటీకి 1896 మొదలు 1920 వరకు కార్యదర్శిగా పనిచేసెను. సభల యేర్పాటు, పత్రికల పని మొదలగు కార్యములలో మునిగియుండియు ఆయన ఈ సంఖ్యను విడువలేదు.

వెదుకుటకు ఆయన ముందున్న ప్రదేశము ఎంతటిది? సంయుక్త సంఖ్యకు దాని వర్గమూలమును మించని కారణాంకము ఒకటైనను ఉండితీరును. ఈ సంఖ్య వర్గమూలము సుమారు 1,215 కోట్లు. అన్నింటిచేతను భాగించి చూచుట ఒక మనుష్యుని ఆయుర్దాయమున జరుగు పని కాదు. కాని గణితము కొన్ని దారులను ముందుగనే మూసి శ్రమ తగ్గించును. మొదటి నియమము: ఘాతము 67 గనుక, ప్రతి కారణాంకమును 134చే భాగించినపుడు శేషము 1 రావలెను. 2,047 విషయమున ఇదే నియమము 22తో వర్తించును. 23 = 22 + 1. 89 = 4 × 22 + 1. రెండవ నియమము: కారణాంకమును 8చే భాగించినచో శేషము 1 గాని, 7 గాని కావలెను.

ఈ రెండు జల్లెడలు పట్టినను, మొదటి కారణాంకము చేరులోపల ఏడు లక్షలకు పైగా సంఖ్యలు మిగులును. వర్గసంఖ్యల శేషములను ఆధారముగా గొని కోల్ మరికొన్ని జల్లెడలు కట్టెను. ఒక్కొక్క జల్లెడయు కొన్ని సంఖ్యలను తొలగించెను. యంత్రసహాయము లేని కాలమది. పని యంతయు కాగితముమీద, చేతితో జరిగినది.

1903 అక్టోబరు 31వ తేదీన న్యూయార్కులో జరిగిన సొసైటీ సమావేశమున, పెద్ద సంఖ్యల కారణాంకములను గూర్చి కోల్ ప్రసంగింపవలసి యుండెను. ఆనాటి ముచ్చటను తరువాతి కాలమున ఎరిక్ టెంపుల్ బెల్ అను గణిత రచయిత ఇట్లు చెప్పెను. కోల్ లేచి, ఒక్క మాటయు పలుకక, నల్లబల్ల మీద సుద్దతో రెండును అరువదియేడవ ఘాతమునకు హెచ్చించి, ఒకటి తీసివేసెను. పిదప బల్ల మీద ఖాళీ యున్న చోటికి జరిగి, రెండు సంఖ్యలు వ్రాసి, గుణకారము చేసెను. రెండు ఫలములును ఒకటే యయ్యెను. సభ కరతాళ ధ్వనులతో మారుమ్రోగెను. కోల్ మౌనముగానే తన స్థానమున కూర్చుండెను. ఇందులకు ఎంతకాలము పట్టినదని పిమ్మట అడుగగా, మూడు సంవత్సరముల ఆదివారములని ఆయన సమాధానము చెప్పెనని కూడ బెల్ వ్రాసెను. ముచ్చటలో కథకుని చేతి మెరుగు కొంత యుండవచ్చును. గుణకారము మాత్రము అక్షరాలా సత్యము.

6. ఇంటియొద్ద సరిచూచు విధము

కోల్ చూపిన రెండు కారణాంకములు ఇవి: 19,37,07,721 మరియు 7,61,83,82,57,287. రెండును ప్రధాన సంఖ్యలే. మొదటిది 134 × 14,45,580 + 1. రెండవది 134 × 568,53,60,129 + 1. రెండును మొదటి నియమమునకు లోబడియున్నవి. 8చే భాగించినచో మొదటిదానికి 1, రెండవదానికి 7 శేషము వచ్చును.

గుణకారమును ఎవరికి వారే సరిచూడవచ్చును. మొదటి సంఖ్యను 193, 707, 721 అని మూడు ముక్కలు చేసికొని, రెండవ సంఖ్యను ఒక్కొక్క ముక్కచే గుణింపవలెను.

721చే గుణింప: 54,92,85,38,35,03,927
707చే గుణింప: 53,86,19,64,79,01,909
193చే గుణింప: 14,70,34,78,36,56,391

రెండవ ఫలమునకు చివర మూడు సున్నలు, మూడవ ఫలమునకు ఆరు సున్నలు చేర్చి, మూడింటిని కూడినచో వచ్చునది 14,75,73,95,25,89,67,64,12,927. ఇదియే అరువదియేడు గళ్ళ మొత్తము.

త్వరగా పరీక్షింపగోరువారికి తొమ్మిదుల లెక్క కలదు. మొదటి సంఖ్యలోని అంకెల మొత్తము 37. 3, 7 కలిపిన 10, అనగా 1. రెండవదాని మొత్తము 64. 6, 4 కలిపిన 10, అనగా 1. ఒకటిని ఒకటిచే గుణింప ఒకటి. లబ్ధములోని అంకెల మొత్తము 109. దానిని కూడ కలిపినచో 10, అనగా 1. సరిపోయినది. ఈ పరీక్ష తప్పును పట్టుకొనుటకు పనికివచ్చును గాని, ఒప్పును పూర్తిగా రుజువు చేయదు. పూర్తి రుజువునకు గుణకారమే శరణ్యము.

7. తరువాతి కాలము

కనుగొనుటకు మూడేండ్ల ఆదివారములు, సరిచూచుటకు ఒక సాయంకాలము. ఈ వ్యత్యాసమే నేటి లోకమునకు గొప్ప ఉపకరణమైనది. 1977లో అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అను మువ్వురు దీనిని ఆధారముగా గొని రహస్యలేఖన పద్ధతి నొకదానిని రూపొందించిరి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించుట సులభము. లబ్ధమునుండి వాటిని వెలికి తీయుట దుష్కరము. కంప్యూటర్ల ద్వారా పంపు రహస్య సమాచారమునకు అది తాళమైనది. 2002లో కాన్పూరు ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అనువారు, ఏ సంఖ్య ప్రధానమో కాదో త్వరితగతిని నిస్సందేహముగ తేల్చు పద్ధతిని కనుగొనిరి. అదియు లూకాస్ పరీక్షవలె విరువకుండనే తీర్పు చెప్పును.

మెర్సెన్ సంఖ్యల వేటయు సాగుచునే యున్నది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అను అమెరికను, లోకమందలి స్వచ్ఛంద కార్యకర్తల కంప్యూటర్లను ఈ పనికి కలిపెను. ఆ ఉద్యమములో పాల్గొన్న కాలిఫోర్నియా వాసి లూక్ డ్యురాంట్ 2024 అక్టోబరున ఘాతము 13,62,79,841 గల మెర్సెన్ సంఖ్య ప్రధానమని కనుగొనెను. దానిలో 4,10,24,320 అంకెలు కలవు. కోల్ పేరిట అమెరికన్ మేథమెటికల్ సొసైటీ బీజగణితమునందును, సంఖ్యాశాస్త్రమునందును బహుమతుల నిచ్చుచున్నది.

8. పాఠసారము

విరుగునని తెలియుట వేరు. విరిచి చూపుట వేరు. లూకాస్ చేసినది మొదటిది; అది చిన్న పని కాదు. కోల్ చేసినది రెండవది. ఒకసారి చూపిన పిమ్మట దానిని నమ్ముటకు ఏ పండితుని మాటయు అక్కరలేదు. గుణకారము తెలిసిన పిల్లవాడును దానికి సాక్షియే. మెర్సెన్ పట్టిక గొప్పవాని మాటగా నిలిచి, పరీక్షకు నిలువలేకపోయినది. పేరు తెలియని బాలిక చేసినను సరియైన గుణకారము సరియైనదే.

ఈ భేదము ఓడలెక్కి వచ్చిన తెలుగువారి సంతతికి మరియొక విధముగ కూడ పరిచితమే. కోరంగి మొదలగు రేవులనుండి ఒప్పందపు కూలీలుగా మారిషసుకు, నాటాలుకు చేరినవారికి వలస కార్యాలయములు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య నిచ్చినవి. పూర్వులు ఆంధ్రదేశమునుండి వచ్చిరని పెద్దలు చెప్పగా విని తెలిసికొనుట మొదటి మెట్టు. ఆ సంఖ్యను పట్టుకొని పాత పత్రములు వెదకి, తండ్రి పేరు, గ్రామము పేరు, ఓడ పేరు వెలికి తీయుట రెండవ మెట్టు. మారిషస్ వలస పత్రములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరుపబడి యున్నవి. నాటాలు పత్రములలో ఊరు, జిల్లా పేర్లు కూడ కానవచ్చును. వ్రాత చెదిరి, పేర్ల వర్ణక్రమము మారి యుండుటచే వెదకుట కష్టము. ఆదివారములు అనేకము గడచును. కాని ఒకసారి దొరకిన గ్రామము పేరు కుటుంబమున అందరును సరిచూచుకొని, పిల్లలకు అప్పగింపదగిన ఆస్తియగును. సంఖ్య వెలుపల నుండి చూచిన అంకెల వరుస మాత్రమే. లోపల ఏమున్నదో ఓపికగలవానికే తెలియును.

అభ్యాసములు

1. 23ను 89చే గుణించి 2,047 వచ్చునో లేదో చూడుడు.

2. నాలుగవ భాగములోని పద్ధతిచే 127ను, అనగా 2⁷ − 1ను, ఐదు మార్లు పరీక్షింపుడు. (వరుసగా 14, 67, 42, 111, 0 రావలెను. కావున 127 ప్రధాన సంఖ్య.)

3. 2²³ − 1 అనగా 83,88,607. దీని కారణాంకమును 46చే భాగించిన శేషము 1 రావలెను. ఆ నియమమును పాటించు మొదటి సంఖ్యతోనే ప్రయత్నింపుడు. (47 × 1,78,481.)

4. ఆరవ భాగములోని మూడు గుణకారములను, చివరి కూడికను, ఇంటిలోని పెద్దలు ఒకరును పిల్లలు ఒకరును వేరువేరుగా చేసి, రెండు ఫలములను పోల్చి చూడుడు.